చైనాలోకి వచ్చిన విదేశీ సరుకులు: కాఫీయా, గడియారమా, పొగాకా? ఏ కథ ఎంచుకోవాలి?

మింగ్, చింగ్ వంశాల కాలంలో చైనాలోకి బయటి సరుకులు ఎలా వచ్చాయో తెలుసుకోవాలనుకునేవాళ్లు చాలామంది ముందు కాఫీ మీద పడతారు. టీ పుట్టిన దేశంలోకి కాఫీ ఎలా అడుగుపెట్టిందన్న ప్రశ్న వినగానే ఎవరికైనా ఆసక్తి పుడుతుంది. కాలేజీ సెమినార్ పేపరైనా, యూట్యూబ్ వీడియో అయినా టైటిల్ అదిరిపోతుంది. తీరా మొదలుపెట్టాక రెండో పేజీకల్లా చెప్పడానికి ఏమీ మిగలదు.

అందుకే ఈ పోలిక. ఒకే ఒక్క వస్తువును పట్టుకుని ఆ చరిత్రలోకి వెళ్లాలంటే మూడు సంగతులు చూసుకోవాలి. చైనాలో దాన్ని తీసుకున్నది ఎవరు, కోటలోని చక్రవర్తా, రేవులోని వర్తకుడా, కొండవాలు రైతా? ఆ కాలపు చైనీయులే దాని గురించి రాసిపెట్టారా, లేక ఐరోపావాళ్ల డైరీలే దిక్కా? ఇవాళ కళ్లతో చూడడానికి ఏమైనా మిగిలిందా? మూడింట్లో మొదటిదే నాకు అసలు ప్రశ్న. ఒక వస్తువు ఇవాళ ఎంత ప్రసిద్ధమన్నదాన్ని బట్టి ఎంచుకుంటే మాత్రం కాఫీ దగ్గరే ఇరుక్కుపోతారు.

కాఫీ: పేరు పెద్దది, కథ చిన్నది

1757 నుంచి 1842 దాకా సముద్రం మీదుగా వచ్చే ఐరోపా వర్తకులకు తెరిచి ఉన్న రేవు దాదాపు కాంటన్ ఒక్కటే. అదే ఇప్పటి గ్వాంగ్‌ఝౌ. అక్కడ కూడా వాళ్లను నగర ప్రాకారం లోపలికి రానిచ్చేవారు కాదు. పెర్ల్ నది ఒడ్డున ఉన్న 'పదమూడు ఫ్యాక్టరీలు' అనే భవనాల వరుసలోనే ఉండాలి. వ్యాపారపు సీజన్ ముగియగానే మకావుకు వెళ్లిపోవాలి. ఆడవాళ్లను వెంట తెచ్చుకోకూడదు. కాఫీ వచ్చింది ఈ భవనాల్లోకే. దాన్ని దగ్గర్నుంచి చూసింది అక్కడ పనిచేసే వంటవాళ్లు, దుబాసీలు, విదేశీయులతో వ్యాపారానికి ప్రభుత్వం అనుమతిచ్చిన చైనా వర్తకుల (హాంగ్ వర్తకుల) మనుషులు. 1822లో పూర్తయిన గ్వాంగ్‌డాంగ్ గెజిటీర్‌లో, అంటే ఆ రాష్ట్రపు అధికారిక వివరాల గ్రంథంలో, విదేశీయులు భోజనమయ్యాక తాగే ఒక నల్ల మద్యం ప్రస్తావన ఉంది. తిన్నది అరగడానికి తాగుతారట అని కూడా రాశారు. అది కాఫీయేనని చరిత్రకారులు అనుకుంటారు. అంటే తాగినవాళ్లు వేరు, చూసి రాసినవాళ్లు వేరు.

కాఫీ దొరక్క ఇలా జరగలేదు. డచ్చివాళ్ల జావా కాఫీ 1711 నాటికే ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. అదే జావాలోని బటేవియాకు (ఇప్పటి జకార్తా) చైనా ఓడలు టీ వేసుకుని వెళ్లి వస్తూనే ఉన్నాయి. అక్కడ చైనీయుల పెద్ద వాడలే ఉండేవి. అంత దగ్గరగా ఉన్నా గింజలు వెనక్కి తేవాలని ఎవరికీ పెద్దగా తోచలేదు. ఇంట్లో చవగ్గా దొరికే టీ ఉండగా, వేయించి, దంచి, పంచదార వేసుకోవాల్సిన చేదు కషాయానికి గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

నల్లమందు యుద్ధం ముగిశాక బ్రిటన్‌తో కుదిరిన 1842 నాన్‌జింగ్ ఒప్పందం ఐదు రేవులను తెరిపించాక పరిస్థితి మారింది. 1866లో షాంఘైలో ఒక అమెరికన్ మిషనరీ భార్య చైనా భాషలో పాశ్చాత్య వంటల పుస్తకం అచ్చువేయించింది. మిషనరీల ఇళ్లలో పనిచేసే చైనా వంటవాళ్ల కోసం రాసిన ఆ పుస్తకంలో కాఫీ చేసే పద్ధతి ఉంది. శతాబ్దం చివరికి వచ్చేసరికి షాంఘై మీద అల్లిన చిన్న చిన్న పద్యాల్లో కాఫీ కనిపిస్తుంది. యున్నాన్‌లోని ఝుకులా అనే కొండ ఊరికి ఒక ఫ్రెంచి పాదిరీ మొక్క తెచ్చాడని చెబుతారు. ఏ ఏడాదన్న దాని మీద ఒకే మాట లేదు గానీ 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదలు అన్నంతవరకు ఖాయం. పాత చెట్లు అక్కడ ఇంకా ఉన్నాయి. చైనాలో పండే కాఫీలో దాదాపు అంతా ఇవాళ యున్నాన్‌దే. కానీ 1912లో చింగ్ వంశమే కూలిపోయింది. చక్రవర్తుల చైనాలో కాఫీ కథ మొదలయ్యేసరికే ఆ చైనా ముగింపులో ఉంది.

కాబట్టి మీ ఆసక్తి షాంఘై మీద ఉంటే, లేదా 'పక్కనే ఉన్నా తీసుకోని వస్తువు' అనే కోణం నచ్చితే కాఫీ ఎంచుకోండి. చిన్న వ్యాసానికి సరిపోతుంది. సిరీస్ అంటే మాత్రం సాగదీయాల్సి వస్తుంది.

గడియారం: చూడడానికి ఇంతకు మించినది లేదు

వీడియో చేసేవాళ్లు, బొమ్మలు ముఖ్యం అనుకునేవాళ్లు ఇంకో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. 1601లో ఇటలీకి చెందిన, జెసూట్ అనే క్యాథలిక్ సంఘపు పాదిరీ మతియో రిచ్చి బీజింగ్ చేరి మింగ్ చక్రవర్తి వాన్‌లికి కానుకలు పంపాడు. చిత్రపటాలు, ఒక తీగల వాద్యం, వాటితోపాటు రెండు గడియారాలు. పెద్దది బరువులతో నడిచేది, చిన్నది స్ప్రింగుతో నడిచేది. తనంతట తాను గంట కొట్టే యంత్రం చక్రవర్తికి తెగ నచ్చింది. దాన్ని నడిపించడం అంతఃపురపు నపుంసక ఉద్యోగులకు నేర్పించాల్సి వచ్చింది. చెడిపోతే బాగుచేసే మనిషి కావాలి కదా, అలా పాదిరీలు రాజధానిలో ఉండడానికి ఒక సాకు దొరికింది. రిచ్చి చక్రవర్తిని ఎదురుగా ఎన్నడూ చూడలేదు. 1610లో చనిపోయాక బీజింగ్‌లోనే సమాధికి చోటు మాత్రం చక్రవర్తే ఇచ్చాడు. ఆ తర్వాతి కాలంలో షాంఘై గడియారాల పనివాళ్లు రిచ్చిని తమ వృత్తికి కులదైవంలా కొలిచారట! మతం మార్చడానికి వచ్చినవాడు చివరికి వాళ్ల దేవుళ్ల పక్కన చేరాడు.

చింగ్ కాలానికి కోటలో గడియారాల కోసం ప్రత్యేక విభాగమే ఏర్పడింది. చియెన్‌లాంగ్ చక్రవర్తి (1736 నుంచి 1795 వరకు పాలించాడు) పిచ్చి అంతా ఇంతా కాదు. లండన్‌లో జేమ్స్ కాక్స్ లాంటివాళ్లు చైనా మార్కెట్ కోసమే ఏనుగులు, పక్షులు, జలపాతాలతో కదిలే యంత్రాలు చేసి పంపేవారు. కాంటన్ పనివాళ్లు వాటిని చూసి తామే తయారుచేయడం మొదలుపెట్టారు. కోట మ్యూజియంలో ఇవాళ వెయ్యికి పైగా గడియారాలున్నాయి. వాటిలో టిమోతీ విలియమ్సన్ చేసిన ఒకదాంట్లో బొమ్మ మనిషి కుంచె పట్టుకుని ఎనిమిది చైనా అక్షరాలు రాస్తాడు, నలుదిక్కుల జనం వచ్చి చక్రవర్తికి మొక్కుతారన్న అర్థంలో. ఇంగ్లండులో చేసిన యంత్రం బీజింగ్‌లో చక్రవర్తిని పొగుడుతోంది. అమ్మేవాడికి కొనేవాడి మనసు బాగా తెలుసు.

ఈ దారిలో వెళ్తే, వ్యాపార సదుపాయాలు కోరుతూ 1793లో బ్రిటన్ పంపిన మెకార్ట్‌నీ రాయబారాన్ని సరిగ్గా అర్థం చేసుకోవచ్చు. 'మీ దేశపు వస్తువులు మాకు అక్కర్లేదు' అని చియెన్‌లాంగ్ మూడో జార్జి రాజుకు రాసిన ఉత్తరం ఒక్కటే పట్టుకుని, చైనా బయటి ప్రపంచానికి తలుపులు మూసుకుందని ఇప్పటికీ రాసేస్తుంటారు. అదే రాయబారికి చెంగ్‌డె వేసవి విడిదిలో మంటపాలు చూపించినప్పుడు, అక్కడున్న ఐరోపా గడియారాలు, గోళాలు, ఆటబొమ్మల యంత్రాల ముందు తాను తెచ్చిన కానుకలు వెలవెలబోతాయని ఆయనే తన డైరీలో రాసుకున్నాడు. అక్కర్లేదన్నవాడి గదులు నిండా అవే.

లోపం ఒక్కటే. ఇదంతా కోట గోడల లోపలి కథ. తర్వాత ధనికుల ఇళ్లకు, సుజౌ, కాంటన్ దుకాణాలకు పాకింది గానీ సామాన్యుడి రోజును గడియారం పెద్దగా మార్చలేదు. జనం కథ కావాలంటే ఇది సరిపోదు.

పాదిరీల మందులు: చాక్లెట్, సింకోనా

కాఫీ కోసం వెతుకుతూ నిరాశపడ్డవాళ్లకు చాక్లెట్ మంచి ప్రత్యామ్నాయం. 1706లో పోప్ రాయబారి టూర్నోన్ బీజింగ్‌లో ఉన్నప్పుడు కాంగ్‌షీ చక్రవర్తి దీని గురించి ఆరా తీయించాడు. అధికారులు ఒక పాదిరీ వైద్యుణ్ణి అడిగి, వేడి చేసే గుణం, తీపి చేదు కలిసిన రుచి అని రాసి పంపారు. ఇంతకీ ఏ జబ్బుకు పనికొస్తుందో రాయలేదేం, మళ్లీ అడగండి అని చక్రవర్తి తిప్పి పంపాడు. ఇది మందు కాదు, అమెరికాలో టీలా తాగుతారు అని జవాబొచ్చింది. అక్కడితో ఆయన ఆసక్తి ఆరిపోయినట్టుంది.

దానికి ముందే, 1693లో, ఇదే కాంగ్‌షీ చలిజ్వరంతో పడుకుంటే జెసూట్ పాదిరీలు సింకోనా బెరడు ఇచ్చి నయం చేశారు. ప్రతిఫలంగా కోటకు దగ్గర్లో వాళ్లకు చోటు దొరికింది. బీజింగ్ ఉత్తర చర్చి పుట్టుక అదే. రెండూ కలిపి చెబితే పది నిమిషాల పాడ్‌కాస్ట్ చక్కగా కుదురుతుంది. జబ్బు తగ్గించినది గౌరవం పొందింది, తగ్గించనిది ఫైలులో ఉండిపోయింది.

పొగాకు: నా ఓటు దీనికే

కోట, రేవు, పొలం, సైన్యం, వైద్యం, చట్టం అన్నిట్లోకీ దూరిన సరుకు ఇదొక్కటే. అమెరికా ఖండాల నుంచి స్పెయిన్‌వాళ్ల మనీలాకు, అక్కడి నుంచి ఫూజియన్ నావికుల చేతుల మీదుగా ఝాంగ్‌ఝౌ తీరానికి చేరింది. 1611లో యావో ల్యూ అనే రచయిత దీని గురించి రాస్తూ, మొక్క లూజాన్ (మనీలా ఉన్న దీవి) నుంచి వచ్చింది గానీ ఇప్పుడు అక్కడికన్నా ఇక్కడే ఎక్కువ పండుతోందని, తిరిగి అక్కడికే తీసుకెళ్లి అమ్ముతున్నారని అంటాడు. కాఫీ రెండొందల ఏళ్లలో చేయలేని పని పొగాకు కొద్ది దశాబ్దాల్లో చేసేసింది. తేడా ఎక్కడుందంటే, కాఫీ కావాలంటే ఓడ రావాలి, పొగాకు కావాలంటే పెరట్లో నాలుగు మొక్కలు వేసుకుంటే చాలు.

వైద్యులు కూడా ఊరుకోలేదు. 1624 నాటి వైద్య గ్రంథంలో ఝాంగ్ జియెబిన్ ఒక ముచ్చట చెబుతాడు. యున్నాన్ మీదికి వెళ్లిన సైన్యంలో అందరికీ విషజ్వరాలు పట్టుకుంటే ఒక్క దండు మాత్రం పదిలంగా ఉందట. ఎందుకంటే వాళ్లంతా పొగ తాగేవాళ్లట. చలువ, వేడి లెక్కల్లో పొగాకు 'వేడి వస్తువు' కాబట్టి చలిజ్వరానికి విరుగుడని నమ్మకం. మన ఇళ్లలో బొప్పాయి వేడి, మజ్జిగ చలువ అనుకున్నట్టే. ఆ లెక్క తెలిసిన తెలుగువాళ్లకు ఈ భాగం ఇట్టే అర్థమవుతుంది, పాశ్చాత్య పాఠకుడికి మాత్రం రెండు పేరాల వివరణ కావాలి.

చట్టాల సంగతి ఇంకా రసవత్తరం. మింగ్ చివరి చక్రవర్తి చోంగ్‌ఝెన్ 1639లో పొగాకు అమ్మితే తల తీయిస్తానన్నాడు. సరిహద్దు సైనికులు అది లేకుండా ఉండలేకపోవడంతో కొద్ది ఏళ్లకే సడలించక తప్పలేదు. సరిగ్గా అదే రోజుల్లో సరిహద్దు అవతల ఆయన శత్రువు, మంచూ పాలకుడు హాంగ్ తైజీ కూడా నిషేధం పెట్టాడు (తర్వాత చైనాను ఏలిన చింగ్ వంశం ఈ మంచూలదే). కొరియా నుంచి వచ్చే పొగాకుకు తమ వెండి పోతోందని ఆయన బాధ. అక్కడా నిలవలేదు. యుద్ధం చేసుకుంటున్న రెండు రాజ్యాలూ ఒకే ఆకు చేతిలో ఓడిపోయాయి.

ఆ తర్వాత వంద, నూట యాభై ఏళ్లకు గొట్టం చేతిలో లేని మనిషిని వెతకాల్సిన పరిస్థితి. చియెన్‌లాంగ్ కాలంలో రాజ్యంలోని గ్రంథాలన్నిటినీ సేకరించి సంకలనం చేసే మహా ప్రాజెక్టు నడిపిన పండితుడు జీ యూన్‌కు 'పెద్ద పొగగొట్టం జీ' అన్న ముద్దుపేరే ఉండేది. ఆడవాళ్లకు నీటి హుక్కా ఫ్యాషన్. పైతరగతికి ముక్కుపొడుం. బ్రెజిల్ పొగాకుతో చేసిన మేలురకం ముక్కుపొడుం పోర్చుగీసుల ద్వారా వచ్చేది. దాన్ని పోసుకునే చిన్న సీసాలు ఒక కళగా ఎదిగాయి. 1696లో జర్మన్ జెసూట్ కిలియన్ స్టుంఫ్ ఆధ్వర్యంలో కోటలో గాజు కర్మాగారం పెట్టించాడు కాంగ్‌షీ. అక్కడ తయారైన సీసాలను చక్రవర్తులు అధికారులకు కానుకగా ఇచ్చేవారు. ఇవాళ ప్రపంచంలో ఏ పెద్ద మ్యూజియం ఆసియా విభాగానికి వెళ్లినా ఒక అరలో ఈ సీసాలు కనిపిస్తాయి. కాబట్టి చూపించడానికి బొమ్మలకూ కరువు లేదు.

మరో లాభం, ఇది నల్లమందు కథకు తలుపు. నల్లమందును మందుగా మింగడం చైనాకు ఎప్పటినుంచో తెలుసు. పీల్చడం మాత్రం పొగాకుతో కలిపి మొదలైంది. పొగగొట్టం అలవాటు లేకపోతే ఆ తర్వాతి విషాదానికి దారి అంత సులువుగా పడేది కాదు.

పొలంలోకి వచ్చినవి: చిలగడదుంప, మొక్కజొన్న, మిరప

వ్యవసాయం, ఆకలి, జనాభా మీద ఆసక్తి ఉన్నవాళ్లు పొగాకును కూడా వదిలేసి ఇటు రండి. చిలగడదుంపకు (తెలంగాణలో కందగడ్డ, సీమలో గెనుసుగడ్డ) ఉన్న గొప్ప సౌలభ్యం, కథానాయకుడు ఉండడం. ఫూజియన్ వర్తకుడు చెన్ ఝెన్‌లోంగ్ 1593లో లూజాన్ నుంచి తీగను దొంగచాటుగా తెచ్చాడని, మరుసటేడు కరువు రాగా కొడుకు ద్వారా గవర్నర్ జిన్ శ్వేజెంగ్‌కు చేరి రాష్ట్రమంతా వేయించారని చెబుతారు. ఫుఝౌలోని వూషాన్ కొండ మీద స్మారక మండపం కూడా ఉంది. కాకపోతే ఈ కథను వ్యాప్తిలోకి తెచ్చింది చియెన్‌లాంగ్ కాలంలో ఆ కుటుంబం వారసులే. గ్వాంగ్‌డాంగ్‌వాళ్లకు తమ వీరులు, తమ కథలు వేరే ఉన్నాయి. ఎవరో ఒక్కరే తెచ్చారని రాయకుండా, ఒకటికన్నా ఎక్కువ దారుల్లో వచ్చిందని రాస్తే మీకు తలనొప్పి ఉండదు.

మొక్కజొన్న కథలో వీరుడు లేడు, పర్యవసానం ఉంది. వరి పండని కొండవాలుల్లో వలస జనం అడవి నరికి మొక్కజొన్న వేశారు. కొన్నేళ్లకు మట్టి కొట్టుకుపోయి కింది పొలాలు, కాలువలు పూడిపోయాయని చింగ్ అధికారులు మొరపెట్టుకున్నారు. పర్యావరణం రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయితే 1850 నాటికి సుమారు 43 కోట్లకు చేరిన జనాభాకు ఈ పంటలే కారణమని ఒక్క వాక్యంలో తేల్చేయకండి. వాటి వాటా ఎంతన్నది ఇంకా వాదనలో ఉన్న విషయమే.

మిరప దగ్గర మనకు చుట్టరికం ఉంది. మనకూ వాళ్లకూ అది అమెరికా నుంచే వచ్చింది. ఇవాళ గుంటూరు, ఖమ్మం తేజ మిరపకాయకు పెద్ద కొనుగోలుదారు చైనాయే. అక్కడ తొలి ప్రస్తావన 1591లో హాంగ్‌ఝౌకు చెందిన గావ్ లియెన్ రాతల్లో కనిపిస్తుంది. తెల్లపూలు, అరిగిపోయిన కుంచె మొనలాంటి కాయ, కారపు రుచి, ఎర్రరంగు, చూడముచ్చటగా ఉంటుంది అని. అంటే కుండీలో అందానికి పెంచే మొక్క! తిండిలోకి వచ్చింది పేదరికం ద్వారా. ఉప్పు ఖరీదైన గ్వీఝౌ కొండల్లో ఉప్పుకు బదులు మిరప వాడుతున్నారని 1721 నాటి స్థానిక గెజిటీర్ చెబుతుంది. సిచువాన్ అంటే అనాదిగా మిరపకారమే అనుకునేవాళ్లకు ఇది షాక్. అంతకుముందు అక్కడ కారం అంటే అల్లం, నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం. తిండి మీద రాసేవాళ్లకు నా సలహా, కాఫీని పక్కనపెట్టి మిరప తీసుకోండి. ఎవరు తెచ్చారో తెలియదన్న వెలితి ఉంటుంది, పాఠకుడు మాత్రం చివరిదాకా చదువుతాడు.

నల్లమందు, వెండి

ఈ రెండూ పెద్ద విషయాలే, కానీ కొత్తవాళ్లకు చెప్పను. నల్లమందు మీద ఇప్పటికే చాలా వచ్చింది. 1729లో యోంగ్‌ఝెంగ్ చక్రవర్తి నిషేధం, బీహార్ నల్లమందు కలకత్తా వేలంపాటలు, 1839లో కాంటన్ దగ్గరి హ్యూమెన్ వద్ద చక్రవర్తి పంపిన అధికారి లిన్ జెషూ ఇరవై వేలకు పైగా పెట్టెలు నాశనం చేయడం, యుద్ధం. కొత్త కోణం లేకపోతే చెప్పిందే చెప్పినట్టుంటుంది. భారతదేశపు రైతు వైపు నుంచి రాయగలిగితే ఎంచుకోండి.

వెండి లేకుండా మిగతా ఏ సరుకు కథా పూర్తికాదు. 1567లో ఫూజియన్‌లోని యుయెగాంగ్ రేవు తెరవడం, 1571లో మనీలా నగరం పుట్టడం, 1580ల నాటికి పన్నులు వెండిలో కట్టే పద్ధతి స్థిరపడడం ఒకదానికొకటి ముడిపడ్డవి. కానీ దీనికి అర్థశాస్త్రం మీద పట్టు కావాలి. దీన్ని నేపథ్యంగా రెండు పేరాల్లో వాడుకోవడం మేలు.

ఎవరికి ఏది

సెమినార్ పేపర్ రాసే డిగ్రీ, పీజీ విద్యార్థికి పొగాకు. ఆధారాలు చైనావాళ్లవే ఉన్నాయి, ఇంగ్లీషులో పరిశోధన కూడా దొరుకుతుంది, వాదించడానికి స్థలం ఉంది. వీడియోకు గడియారం. స్కూలు పిల్లల ప్రాజెక్టుకు చిలగడదుంప, కథ చెప్పడం సులువు, ఇంట్లో ఒకటి మొలకెత్తించి చూపించవచ్చు కూడా. వంటల బ్లాగుకు మిరప. మతం, మిషనరీల చరిత్ర చదివేవాళ్లకు సింకోనా, గడియారం కలిపి. కాఫీ మీద మనసు చావని వాళ్లు దాన్ని ఒంటరిగా కాకుండా పొగాకుతో జత చేయండి. రెండూ తూర్పు ఆసియా సముద్రాల మీదే తిరిగాయి, ఒకటి వేళ్లూనుకుంది, ఇంకొకటి రేవు దాటలేదు. ఎందుకన్న ప్రశ్నకు జవాబు వెతికితే మంచి వ్యాసం అవుతుంది. గడియారాన్ని, మొక్కజొన్నను మాత్రం ఒకే వ్యాసంలో ఇరికించకండి. కోటకూ కొండకూ మధ్య వంతెన కట్టడానికే సగం పేజీలు పోతాయి.

ఏది ఎంచుకున్నా తేదీల దగ్గర ఒక జాగ్రత్త. గెజిటీర్‌లో మొదటిసారి కనిపించిన ఏడాది ఆ వస్తువు వచ్చిన ఏడాది కాదు. అప్పటికే అక్కడ ఉందని మాత్రమే దానర్థం. '1591లో మిరప వచ్చింది' అని రాయడం తప్పు, '1591 నాటికి ఉంది' అని రాయాలి. పొగాకు తీసుకున్నవాళ్లు బీజింగ్ నుంచి కాకుండా ఝాంగ్‌ఝౌ నుంచి మొదలుపెట్టండి. మనీలా, ఝాంగ్‌ఝౌ, లియావోడాంగ్ (మింగ్, మంచూల మధ్య ఈశాన్య సరిహద్దు ప్రాంతం), కొరియా ఉన్న ఒక మ్యాపు ముందు గీసుకుంటే వ్యాసం సగం రాసినట్టే.